ఫార్మాట్ కొట్టే ముందు కారణం చెప్పండి

కంప్యూటర్ పని మధ్యలో ఆగిపోవడం, నీలి తెర చూపించడం, తనంతట తానే మళ్లీ మొదలవడం. ఇది పదే పదే జరుగుతుంటే మన హైదరాబాద్ పాతబస్తీలో చేసే పని ఒక్కటే. ఛత్తాబజార్‌లో పెళ్లి కార్డులు డిజైన్ చేసే దుకాణమైనా, శాలిబండలో జిరాక్స్‌తో పాటు ఆన్‌లైన్ దరఖాస్తులు నింపిపెట్టే సెంటరైనా, యాకుత్‌పురాలో పిల్లల చదువు కోసం కొన్న సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్ అయినా మెకానిక్ నోట వచ్చేది ‘ఫార్మాట్ కొట్టేద్దాం, సెట్ అయిపోతుంది’ అనే మాటే. ఈ మాట పాతబస్తీకే ప్రత్యేకం కాదు, కరీంనగర్‌లోనూ విజయవాడలోనూ ఇదే వినిపిస్తుంది. అయితే పాతబస్తీలో దీనికి చెల్లించే మూల్యం ఎక్కువ. ఇక్కడి చిన్న దుకాణంలో చాలాసార్లు ఉండేది ఒకే ఒక్క సిస్టమ్. దానికే స్కానర్, కలర్ ప్రింటర్, వేలిముద్రల యంత్రం, కొన్నిచోట్ల స్టిక్కర్లు కత్తిరించే కట్టర్ తగిలించి ఉంటాయి. అందులోనే ఉర్దూ, తెలుగు, అరబిక్ ఫాంట్లు, ఏళ్ల తరబడి దాచుకున్న డిజైన్లు ఉంటాయి. ఫార్మాట్ అంటే అదంతా తీసేసి మళ్లీ పేర్చుకోవడం. దుకాణం ఒకటి రెండు రోజులు మూతపడినట్టే. ఇంతా చేశాక పది రోజులకో నెలకో అదే నీలి తెర మళ్లీ వస్తే, మళ్లీ అదే ఫార్మాట్. ఇది మరమ్మతు కాదన్నది నా వాదన. సిస్టమ్ ఎందుకు ఆగిపోతోందో చెప్పే ఆధారాన్ని మన చేతులతో మనమే చెరిపేసుకుంటున్నాం. తన యంత్రాన్ని ఆపిన ఫైలు ఏదో, అది ఏ పరికరానిదో తెలుసుకునే హక్కు ఛత్తాబజార్ దుకాణదారుడికి ఉంది. ఆ పేరు చెప్పకుండా ఫార్మాట్ చేయడానికి ఎవరూ ఒప్పుకోకూడదు.

ఎక్కువసార్లు ఆ ఫైలు ఒక డ్రైవర్ అయి ఉంటుంది. విండోస్‌కూ పరికరానికీ మధ్య మాట కలిపే ప్రోగ్రామ్‌నే డ్రైవర్ అంటాం. వైఫై కార్డు లోపల ఏముందో, గ్రాఫిక్స్ కార్డుకు ఏ ఆజ్ఞ ఎలా ఇవ్వాలో విండోస్ రాసిన వాళ్లకు తెలియదు. ఆ పరికరం తయారు చేసిన కంపెనీ వాళ్లే డ్రైవర్ రాసి ఇస్తారు. మామూలు ప్రోగ్రామ్‌లో తప్పు దొర్లితే ఆ ప్రోగ్రామ్ ఒక్కటే మూతపడుతుంది, పక్కన తెరిచి ఉన్న పేజీకి ఏమీ కాదు. డ్రైవర్ సంగతి వేరు. చాలా డ్రైవర్లు కెర్నెల్ అనే లోపలి భాగంలో, విండోస్‌తో సమానమైన అధికారంతో నడుస్తాయి. అక్కడ ఒక డ్రైవర్ మెమరీకీ ఇంకో డ్రైవర్ మెమరీకీ మధ్య గోడ లేదు. డ్రైవర్ తనది కాని చోట చెయ్యి పెడితే విండోస్ దాన్ని పసిగట్టి, తప్పుడు సమాచారం హార్డ్ డిస్క్ మీదికి ఎక్కకుండా మొత్తం యంత్రాన్నే కావాలని ఆపేస్తుంది. కాబట్టి నీలి తెర సిస్టమ్ చచ్చిపోయిందనడానికి గుర్తు కాదు, తెలిసి ఆగిపోయిందనడానికి గుర్తు. ఆగే ముందు అది ఇంకో పని చేస్తుంది. ఆ క్షణంలో ఏం నడుస్తోందో, ఏ ఫైలు దగ్గర తేడా వచ్చిందో ఒక చిన్న ఫైలులో రాసి పెడుతుంది. మినీడంప్ అంటారు దాన్ని. ఫిర్యాదు అప్పటికే రాసి సిద్ధంగా ఉందన్న మాట. ఫార్మాట్‌తో మొట్టమొదట పోయేది అదే.

డ్రైవర్ల మీద ఇంత నింద మోపడానికి ఆధారం ఏమిటని అడగవచ్చు. అమెరికాలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2003లో ప్రచురించిన ఒక పత్రం, విండోస్ ఎక్స్‌పీలో అప్పటికి కొత్తగా నమోదైన వైఫల్యాల్లో 85 శాతానికి డ్రైవర్లే కారణమని రాసింది. అంతకు రెండేళ్ల ముందు, 2001లో, స్టాన్‌ఫోర్డ్ పరిశోధకులు లినక్స్ కోడ్‌ను జల్లెడ పట్టి, కెర్నెల్‌లోని మిగతా భాగాల కంటే డ్రైవర్లలో తప్పులు మూడు నుంచి ఏడు రెట్ల దాకా ఎక్కువని తేల్చారు. రెండు వేర్వేరు వ్యవస్థలు, రెండు వేర్వేరు పద్ధతులు, వేలు చూపించింది ఒకే వైపు. విండోస్ విస్టా వచ్చిన 2007లో నమోదైన క్రాష్‌ల లెక్క తర్వాత ఒక కోర్టు కేసులో బయటపడింది. అందులో 28 శాతానికి పైగా ఎన్‌విడియా డ్రైవర్ల వల్ల, దాదాపు 18 శాతం మైక్రోసాఫ్ట్ సొంత కోడ్ వల్ల జరిగినవి. ఒక్క గ్రాఫిక్స్ కంపెనీ డ్రైవర్లు విండోస్ రాసిన వాళ్లను మించిపోయాయి. ఇంకా వెనక్కి వెళితే 1998 ఏప్రిల్ 20న చికాగోలో బిల్ గేట్స్ వేదిక మీద ఉండగానే, విండోస్ 98 ప్రదర్శనలో స్కానర్ వైరు తగిలించగానే నీలి తెర వచ్చింది. స్కానర్ వైరు తగిలించడం శాలిబండలోని సెంటర్‌లో రోజూ జరిగే పనే. ప్రపంచంలోకెల్లా పెద్ద సాఫ్ట్‌వేర్ కంపెనీ తన సొంత ప్రదర్శనలో తప్పించుకోలేని గొడవ చిన్న సెంటర్‌కు వస్తే, అందులో ఆ సెంటర్ వాళ్ల చేతకానితనం ఏమీ లేదు.

ఈ లెక్కలు పాతవే. ఆ తర్వాత విండోస్ మారింది, డ్రైవర్లూ మారాయి. ఆ మార్పు జరిగిన తీరు కూడా నా వాదనకే బలం. విస్టా నుంచి ప్రింటర్ డ్రైవర్లను కెర్నెల్ బయటికి పంపారు. అందుకే ఇప్పుడు ప్రింటర్ డ్రైవర్ చెడిపోతే ఎక్కువగా ప్రింట్ క్యూ ఇరుక్కుంటుంది తప్ప సిస్టమ్ మొత్తం కుప్పకూలదు. గ్రాఫిక్స్ డ్రైవర్ రెండు సెకన్ల పాటు పలక్కపోతే విండోస్ దాన్ని మళ్లీ మొదలుపెట్టడానికి ప్రయత్నిస్తుంది. తెర ఒక్కసారి నల్లబడి మళ్లీ వెలగడం చాలామంది చూసే ఉంటారు. డ్రైవర్లలోని తప్పుల్ని అమ్మకానికి ముందే యంత్రం చేతే వెతికించే పనిలో మైక్రోసాఫ్ట్ రీసెర్చ్‌లో శ్రీరామ్ రాజమణి, థామస్ బాల్ చేసిన స్లామ్ పరిశోధన పెద్ద మలుపు. అందులోంచే స్టాటిక్ డ్రైవర్ వెరిఫైయర్ అనే సాధనం పుట్టింది. రాజమణి ఆ తర్వాత బెంగళూరులోని మైక్రోసాఫ్ట్ రీసెర్చ్ ఇండియాకు సారథి అయ్యారు. ఇంత మార్పు ఎలా సాధ్యమైంది? ప్రతి క్రాష్‌కూ కారణం రాసుకుని, లెక్కగట్టి, ఏ కంపెనీ డ్రైవర్ ఎంత నష్టం చేస్తోందో తేల్చుకున్నారు కాబట్టి. పైస్థాయిలో డంప్ ఫైళ్లు చదివి బాగు చేసుకుంటుంటే, కింద దుకాణంలో మాత్రం వాటిని చదవకుండానే చెరిపేస్తున్నాం.

పాతబస్తీ దాటి ఫలక్‌నుమా, చాంద్రాయణగుట్ట మీదుగా దక్షిణానికి వెళితే శంషాబాద్ విమానాశ్రయం వస్తుంది. 2024 జులై 19, శుక్రవారం, అక్కడి విమానయాన సంస్థల కౌంటర్లలో కంప్యూటర్లు పని చేయక సిబ్బంది బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. హైదరాబాద్ నుంచి కోల్‌కతా వెళ్లే ఇండిగో ప్రయాణికుడి చేతిరాత పాస్ ఫొటోను దేశమంతా చూసింది. కారణం క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సాఫ్ట్‌వేర్ కంపెనీ పంపిన ఒక అప్‌డేట్. ఆ సాఫ్ట్‌వేర్‌లో ఒక భాగం డ్రైవర్‌గా కెర్నెల్‌లో కూర్చుని ఉంటుంది. మన సమయం ప్రకారం ఉదయం 9 గంటల 39 నిమిషాలకు వచ్చిన ఒక సమాచార ఫైలును అది చదవబోయింది. ఆ ఫైలు చూడమన్నది 21వ గడి, డ్రైవర్ దగ్గర ఉన్నవి 20 గడులే. లేని గడి కోసం తనది కాని చోట చెయ్యి పెట్టింది, విండోస్ ఆగిపోయింది. మళ్లీ మొదలైంది, మళ్లీ అదే చదివింది, మళ్లీ ఆగింది. 78 నిమిషాల్లో కంపెనీ ఆ ఫైలును వెనక్కి తీసుకుంది. అప్పటికే మైక్రోసాఫ్ట్ అంచనా ప్రకారం 85 లక్షల యంత్రాలు దెబ్బతిన్నాయి. ప్రపంచంలోని విండోస్ యంత్రాల్లో అది ఒక శాతం కూడా లేదు, అయినా విమానాలు, ఆసుపత్రులు, బ్యాంకులు తడబడ్డాయి. మన దేశంలో ప్రభుత్వ ఆఫీసులను కలిపే ఎన్‌ఐసీ నెట్‌వర్క్‌కు ఏమీ కాలేదని కేంద్ర మంత్రి అశ్వినీ వైష్ణవ్ ఆ రోజే ప్రకటించారు, కేంద్ర సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ హెచ్చరిక జారీ చేసింది.

ఆ రోజు చెప్పిన మరమ్మతు ఏమిటో గుర్తు పెట్టుకోవాలి. సిస్టమ్‌ను సేఫ్ మోడ్‌లో తెరిచి, క్రౌడ్‌స్ట్రైక్ ఫోల్డర్‌లో 291 అంకె ఉన్న ఫైలును తీసేసి, మళ్లీ మొదలుపెట్టడం. డిస్క్‌కు బిట్‌లాకర్ తాళం ఉన్నచోట దాని రికవరీ కీ కూడా కావాల్సి వచ్చింది. పని కష్టమే, ఒక్కో యంత్రం దగ్గరికి మనిషి వెళ్లాల్సి వచ్చింది. కానీ అన్ని యంత్రాలనూ ఫార్మాట్ కొట్టండని ఎవరూ అనలేదు. ఆగస్టు 6న ఆ కంపెనీ ఆ 20, 21 గడుల సంగతితో సహా మూలకారణాన్ని వివరిస్తూ నివేదిక విడుదల చేసింది. సెప్టెంబర్‌లో మైక్రోసాఫ్ట్ భద్రతా కంపెనీలను పిలిపించి, వాళ్ల కోడ్‌ను కెర్నెల్ బయటికి తీసుకెళ్లే దారి గురించి మాట్లాడింది. కోట్ల డాలర్ల వ్యాపారం చేసే సంస్థలకు కారణం చెప్పి, క్షమాపణ చెప్పి, ముందు ముందు ఏం మారుస్తామో కూడా చెప్పారు. అదే రకం తప్పు, అదే నీలి తెర, పత్తర్‌గట్టి పక్క సందులో వస్తే మాత్రం కారణం అడగడమే అతి అన్నట్టు చూస్తాం. ఈ తేడాకు సాంకేతికంగా ఎలాంటి సమర్థనా లేదు. ఆ సందులోని యంత్రంలోనూ అదే డంప్ ఫైలు ఉంది.

దాన్ని చదవడం పెద్ద విద్య కాదు. స్టార్ట్ దగ్గర ‘రిలయబిలిటీ’ అని కొడితే రిలయబిలిటీ హిస్టరీ అనే పేజీ తెరుచుకుంటుంది. ఏ రోజు ఏం ఇన్‌స్టాల్ అయింది, ఏ రోజు సిస్టమ్ ఆగింది అన్నవి తేదీల వారీగా ఒకే చోట కనిపిస్తాయి. మంగళవారం కొత్త వైఫై డాంగిల్ పెట్టి, బుధవారం నుంచి ఎర్ర గుర్తులు మొదలైతే సగం సంగతి అక్కడే తేలిపోతుంది. సీ డ్రైవ్‌లో విండోస్ ఫోల్డర్ లోపల మినీడంప్ అనే ఫోల్డర్ ఉంటుంది. అందులోని ఫైళ్లను తెరవడానికి మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే విన్‌డీబీజీ ఉంది, అంతకంటే తేలికైన బ్లూస్క్రీన్‌వ్యూ లాంటివీ ఉన్నాయి. వాటిలో కనిపించే పేరు చివర ‘డాట్ సిస్’ అని ఉంటే ఎక్కువగా అది డ్రైవరే. ఒక్కదానితో తొందరపడకూడదు. కనిపించిన పేరు ‘ఎన్‌టీ ఓఎస్ కెర్నెల్’ అయితే అది విండోస్ గుండెకాయ లాంటి ఫైలు, పక్కవాడు చేసిన తప్పుకు ఇది దొరికిపోయి ఉండొచ్చు. అందుకే నాలుగైదు డంప్‌లు పక్కపక్కన పెట్టి చూడాలి. ప్రతిసారీ ఒకే పరికరం పేరు వస్తుంటే దొంగ దొరికినట్టే. అప్పుడు డివైస్ మేనేజర్‌లో ఆ పరికరం దగ్గర ‘రోల్ బ్యాక్ డ్రైవర్’ నొక్కి పాత డ్రైవర్‌కు వెళ్లవచ్చు. ఆ బటన్ వెలగకపోతే ఆ పరికరాన్ని తయారు చేసిన కంపెనీ సైటులో సరైన వెర్షన్ వెతికి వేయవచ్చు. విండోస్ తెరుచుకోకుండానే ఆగిపోతుంటే సేఫ్ మోడ్‌లోకి వెళ్లి ఇదే పని చేయవచ్చు. ఇంకో మాట. స్పీడ్ పెంచుతామంటూ అడ్డమైన క్లీనర్లు నడిపితే ఈ డంప్ ఫైళ్లనూ చెత్తలో కలిపేస్తాయి. సిస్టమ్ మొరాయిస్తున్న రోజుల్లో వాటి జోలికి పోకపోవడం మంచిది.

‘అయ్యా, ఫార్మాట్ కొడితే బాగవుతోంది కదా’ అన్నది మొదటి అభ్యంతరం. నిజమే, చాలాసార్లు బాగవుతుంది. ఎందుకు బాగవుతుందో చూడాలి. కొత్తగా విండోస్ వేసినప్పుడు చెడ్డ డ్రైవర్ పోయి, దాని స్థానంలో విండోస్‌తో పాటే వచ్చే సాదా డ్రైవర్ కూర్చుంటుంది. అంటే ఒక్క డ్రైవర్ మారడం వల్ల బాగైంది తప్ప ఇల్లంతా ఖాళీ చేయడం వల్ల కాదు. ఆ తర్వాత మెకానిక్ తన పెన్‌డ్రైవ్‌లో ఉన్న డ్రైవర్ ప్యాక్ నడిపిస్తాడు, లేదా విండోస్ అప్‌డేట్ పాత డ్రైవర్‌నే మళ్లీ దించుతుంది. పది రోజుల తర్వాత నీలి తెర తిరిగి రావడంలో వింతేమీ లేదు. ఫార్మాట్ అస్సలు అక్కర్లేదని నేను అనడం లేదు. వైరస్ విండోస్ ఫైళ్లను పాడు చేసినప్పుడు, రకరకాల సాఫ్ట్‌వేర్లు ఒకదాని మీద ఒకటి పేరుకుపోయి ఏది ఎక్కడుందో తెలియనప్పుడు అదే దారి. అది చివరి మెట్టు కావాలి. ఆ మెట్టు ఎక్కే ముందు కూడా ఉన్న డ్రైవర్లన్నింటినీ ఒక ఫోల్డర్‌లోకి ఎగుమతి చేసుకునే ఆజ్ఞ విండోస్‌లోనే ఉంది. ఆ ఫోల్డర్‌ను, మినీడంప్ ఫోల్డర్‌ను పెన్‌డ్రైవ్‌లోకి తీసుకోవడానికి పట్టేది కొద్ది నిమిషాలు.

రెండో అభ్యంతరం ఇంకా గట్టిది. క్రాష్ అయిన ప్రతి సిస్టమ్‌కూ డ్రైవరే కారణమా? కాదు. ర్యామ్ చెడిపోవచ్చు, హార్డ్ డిస్క్ అరిగిపోవచ్చు, పవర్ సప్లై బలహీనపడవచ్చు. రోడ్డు మీదికి తెరుచుకుని ఉండే ఇరుకు దుకాణాల్లో దుమ్ము ఫ్యాన్లలో పేరుకుని ప్రాసెసర్ వేడెక్కుతుంది, ఎండాకాలం మధ్యాహ్నాల్లో అది మరీ ఎక్కువ. కరెంటు వచ్చి పోతూ ఉంటే, యూపీఎస్ బ్యాటరీ ముసలిదైతే సిస్టమ్ ఏ నీలి తెరా చూపించకుండానే ఠక్కున ఆరిపోతుంది. అయితే ఇవన్నీ నా వాదనను బలపరిచేవే. ర్యామ్ చెడితే ఫార్మాట్ వల్ల ఏమి ఒరుగుతుంది? వేడికి ఫార్మాట్ ఎలా విరుగుడు అవుతుంది? కారణం తెలుసుకోవాలనడంలో డ్రైవరేనా, కాదా అని తేల్చుకోవడం కూడా ఉంది. డంప్‌లలో ప్రతిసారీ ఒకే పేరు కాకుండా రోజుకో పేరు వస్తుంటే డ్రైవర్‌ను వదిలి ర్యామ్‌ను అనుమానించాలి. విండోస్ మెమరీ డయాగ్నస్టిక్ రాత్రి పూట నడిపిస్తే తెల్లారేసరికి తేలుతుంది. డంప్ ఫైలే లేకుండా ఆరిపోతుంటే చూపు పవర్ సప్లై మీదికి, వేడి మీదికి మళ్లాలి. ఆధారం ఉండటం ఎంత సాక్ష్యమో, లేకపోవడమూ అంతే సాక్ష్యం.

ఎప్పటికప్పుడు అన్నీ అప్‌డేట్ చేసుకుంటే ఈ గొడవే ఉండదు కదా అనేవాళ్లూ ఉన్నారు. భద్రతా అప్‌డేట్లు తప్పకుండా వేసుకోవాలి, అందులో రెండో మాట లేదు. కానీ డ్రైవర్ల విషయంలో కొత్తది కాబట్టి మంచిదనే లెక్క ఎంతమాత్రం పనికిరాదని 2024 జులై 19 చూపించింది. సరిగ్గా నడుస్తున్న పరికరానికి డ్రైవర్ మార్చాల్సిన పని లేదు. అంతకంటే ప్రమాదకరమైనవి, ఒక్క నొక్కుతో డ్రైవర్లన్నీ కొత్తవి వేస్తామనే ప్రోగ్రాములు. అవి మీ మదర్‌బోర్డుకు దగ్గరి పోలిక ఉన్న ఇంకో మదర్‌బోర్డు డ్రైవర్‌ను తెచ్చి వేసినా అడిగే దిక్కు లేదు. ఇంకో అలవాటు గురించి గట్టిగానే చెప్పాలి. పాత పరికరం కొత్త విండోస్‌లో పని చేయనప్పుడు, డ్రైవర్ అసలుదేనా అని చూసే డిజిటల్ సంతకం తనిఖీని ఆపేసి బలవంతంగా ఎక్కించడం చాలాచోట్ల మామూలైపోయింది. 64 బిట్ విండోస్‌లో సంతకం లేని డ్రైవర్‌ను కెర్నెల్‌లోకి రానివ్వకపోవడానికి కారణం ఉంది. ఆ గేటు తెరిచి పెట్టి, తర్వాత సిస్టమ్ ఆగిపోతోందని విండోస్‌ను తిట్టడం న్యాయం కాదు. దొంగ విండోస్ కాపీల సంగతీ ఇంతే. వాటిని క్రాక్ చేసే సాధనాలు లోపల ఏ ఫైళ్లు మారుస్తాయో వేసినవాడికీ తెలియదు, వేయించుకున్నవాడికీ తెలియదు.

ఇక డబ్బు సంగతి. అసలు చిక్కు ఇక్కడే ఉందని నా అభిప్రాయం. ఫార్మాట్‌కు రేటు ఉంది, రెండు వైపులా తెలిసిన రేటు. కారణం వెతకడానికి రేటు లేదు. మెకానిక్ అరగంట కూర్చుని డంప్‌లు చదివి, ఒక్క డ్రైవర్ వెనక్కి తిప్పి సిస్టమ్ బాగు చేస్తే, ‘ఏం చేశావు, ఒక బటన్ నొక్కావు, దీనికి ఇంతా’ అని అడిగే గిరాకీలే ఎక్కువ. అదే సిస్టమ్‌ను సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ల మార్కెట్ సీటీసీకి తీసుకెళ్లి సాయంత్రానికి ఫార్మాట్ చేసి తెస్తే పని కంటికి కనిపిస్తుంది, మారు మాట లేకుండా డబ్బులిస్తారు. ఇలా మెకానిక్‌ను ఫార్మాట్ వైపు నెట్టేది మనమే. ఏ పనికి డబ్బులిస్తే ఆ పనే జరుగుతుంది. కాబట్టి కారణం చెప్పినందుకు విడిగా డబ్బులివ్వడం దుకాణదారులు మొదలుపెట్టాలి, దానికి బదులుగా బిల్లు మీద ఏ ఫైలు, ఏ పరికరం, ఏ వెర్షన్, ఏం మార్చారు అన్నది రాయించుకోవాలి. వచ్చే నెల ఇంకో మెకానిక్ వచ్చినా ఆ కాగితం పని చేస్తుంది. 1978 నుంచి జంటనగరాల యువతకు చేతిపని నేర్పుతున్న సెట్విన్ లాంటి సంస్థలు కంప్యూటర్ హార్డ్‌వేర్ కోర్సుల్లో విండోస్ వేయడంతో పాటు డంప్ చదవడాన్ని కూడా పరీక్షలో పెట్టాలి. అది వచ్చిన కుర్రాడికి వీధి చివర దుకాణంలోనే కాదు, గచ్చిబౌలిలోని సపోర్ట్ ఉద్యోగంలోనూ విలువ ఉంటుంది.

ఈ మాటలన్నీ ఇప్పుడే ఎందుకంటే ముందు ముందు గొడవ పెరిగే సూచనలున్నాయి. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11కు టీపీఎం 2.0 అనే భద్రతా భాగం కావాలి, ఇంటెల్ అయితే ఇంచుమించు ఎనిమిదో తరం నుంచే ప్రాసెసర్ ఉండాలి. అంతకంటే పాత యంత్రాల మీద తనిఖీని దాటవేసి విండోస్ 11 ఎక్కించడం ఎక్కడ చూసినా జరుగుతోంది. విండోస్ 11లో 32 బిట్ రకం అసలు లేదు. 32 బిట్ కాలంలో రాసిన డ్రైవర్ 64 బిట్ కెర్నెల్‌లో నడవదు. ఛత్తాబజార్‌లో ఇప్పటికీ నిక్షేపంగా పని చేసే పాత స్కానర్, పాత కట్టర్, డాంగిల్ తగిలిస్తే తప్ప తెరుచుకోని పాత డీటీపీ సాఫ్ట్‌వేర్ ఈ గీత దగ్గర ఆగిపోతాయి. ఇనుము బాగానే ఉంది, మోటారు బాగానే ఉంది, డ్రైవర్ లేదు. కొత్త సిస్టమ్ కొనుక్కోమని సలహా ఇవ్వడం తేలికే. కొత్త సిస్టమ్ కొంటే దానికి సరిపోయే కట్టర్, స్కానర్ కూడా కొత్తవే కొనాలన్న సంగతి ఆ సలహాలో ఉండదు. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022లో మరమ్మతు హక్కు మీద కమిటీ వేసి, ఆ ఏడాది డిసెంబర్‌లో ఒక పోర్టల్ తెరిచింది. విడిభాగాలు, మాన్యువల్స్ వినియోగదారుడికి అందాలన్నది దాని ఉద్దేశం. కంప్యూటర్ పరికరాలకు డ్రైవర్ కూడా విడిభాగమే. మద్దతు ఆపేసే కంపెనీ చివరి డ్రైవర్‌ను సైటులోంచి మాయం చేయకుండా ఉంచాలి, ఏ విండోస్ దాకా పని చేస్తుందో డబ్బా మీదే రాయాలి. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం వస్తువు నాణ్యత, ప్రమాణం గురించి తెలుసుకునే హక్కు మనకు ఇచ్చింది. ఎన్నేళ్లు పని చేస్తుందన్న సమాచారం అందులో లేకపోతే ఆ హక్కుకు అర్థమేముంది?

రాష్ట్ర ప్రభుత్వం ఇందులో బయటి మనిషి కాదు. 1999లో జంటనగరాల్లో ట్విన్స్ పేరుతో మొదలై, 2001లో ఈసేవగా, 2011లో మీసేవగా ఎదిగిన వ్యవస్థ ఈ చిన్న సిస్టమ్‌ల మీదే నడుస్తోంది. జూన్‌లో కాలేజీ అడ్మిషన్ల వేళ ఆదాయ, కుల ధ్రువపత్రాల కోసం వచ్చే తల్లిదండ్రులకు సర్వర్ డౌన్, సిస్టమ్ హ్యాంగ్ అన్న రెండు మాటలకూ తేడా తెలియదు. పని మానుకుని వచ్చిన రోజు కూలి పోయిందన్నది తెలుసు. వేలిముద్రల యంత్రం విషయంలో ప్రభుత్వం ఇప్పటికే కచ్చితంగా ఉంది. ఆధార్ కోసం వాడే పరికరం ధ్రువీకరణ పొందినదై, ఆర్‌డీ (రిజిస్టర్డ్ డివైస్) సర్వీస్‌తో నమోదైనదై ఉండాలి, లేకపోతే పని చేయదు. భద్రత కోసం అంత కచ్చితంగా ఉన్న చేయి నిలకడ కోసం ఎందుకు ఉండకూడదు? మీసేవను నడిపే ఈఎస్‌డీ విభాగం కేంద్రాల నుంచి క్రాష్‌ల వివరాలు తీసుకుని, ఏ మోడల్ పరికరం డ్రైవర్ ఎక్కువసార్లు సిస్టమ్‌లను ఆపుతోందో మూడు నెలలకొకసారి ప్రకటించాలి. ఆ జాబితా చూసి ఛత్తాబజార్ దుకాణదారుడు కూడా ఏది కొనకూడదో తెలుసుకుంటాడు. ప్రభుత్వ ఆఫీసులకు, ఆసుపత్రులకు, కోర్టులకు స్కానర్లు, ప్రింటర్లు కొనే టెండర్లలో కనీసం ఏడేళ్ల పాటు 64 బిట్ విండోస్‌కు సంతకం చేసిన డ్రైవర్ ఇస్తామని, క్రాష్‌కు తమ డ్రైవర్ కారణమని తేలితే రాతపూర్వకంగా వివరణ ఇస్తామని కంపెనీల చేత ఒప్పించాలి. శంషాబాద్ కౌంటర్లలోని యంత్రాలు ఎందుకు ఆగాయో పూర్తిగా చెప్పడానికి క్రౌడ్‌స్ట్రైక్ తీసుకున్నది 18 రోజులు. టెండర్‌లో అదే గడువు పెట్టవచ్చు.